లక్షా అరవై వేలు దాటేలోగా

పెదజాలారిపేట,
ఫిబ్రవరి 3

వరహాలు బావకి,

నీ బావమరిది సన్యాసిరాజు బోలెడంత బెంగతో రాసేది.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. నీ వేట బోటు గుజరాత్‌లో ఆ వెరావల్ ఒడ్డుకి చేరేది ఇరవై రోజులకోసారి. చేరినా నువ్వు మా అక్క ఫోనుకే చేస్తావు, ఆవిడ స్పీకరు పెట్టి వీధి మొత్తానికి వినిపిస్తుంది. నేను చెప్పేది వీధి వినేది కాదు. మన పేట రమణమూర్తి ఆదివారం అక్కడికే రైలెక్కుతున్నాడు, ఇది అతని సంచిలో పెడుతున్నాను.

కారుకి జబ్బు చేసింది బావా. గురువారం పొద్దున్న గాజువాక దగ్గర, మన బండిని అద్దెకి పెట్టుకున్న ఆఫీసరుగారు వెనక సీట్లో కూర్చుని ఉండగానే, మీటరు మీద ఎర్ర త్రికోణం వెలిగింది. హైబ్రిడ్ సిస్టమ్ చూపించుకోమని కింద రాతలు. మన బండి పెట్రోలుతోనూ కరెంటుతోనూ రెండిటితోనూ నడుస్తుందని నీకు తెలుసు కదా. ఆ కరెంటు దాచుకునే పెద్ద బ్యాటరీ డిక్కీ అడుగున ఉంటుంది. అది పోయిందంటే బండి ఉన్నా లేనట్టే. ఆయన్ని పోర్టు దగ్గర ఆఫీసులో దింపేశాక, ఆపితే మళ్ళీ లేవదేమోనని, ఆపకుండా రెండు గంటలు ఊరంతా తిప్పాను. ఎక్కడికి పోతున్నానో నాకే తెలీదు. ఊరికే ఉండలేక తిప్పాను.

చివరికి కంపెనీ సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాను. అక్కడ మన బండి చూసే అమ్మాయి పేరు నాగమణి. పెద్ద బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు, ఏది ముందు దాటితే అంతవరకే వారంటీ అంది. బండి వయసు మూడున్నరేళ్ళే. తిరిగింది మాత్రం లక్షా యాభై ఎనిమిది వేల ఆరువందల నలభై. రోజూ తిరిగే తిరుగుడుకి పది రోజుల్లో గీత దాటేస్తాను. ఇది చాలదన్నట్టు పుస్తకంలో రెండు సర్వీసుల ముద్రలు లేవు. అవి మద్దిలపాలెంలో మెకానిక్కు గురువులు షెడ్డులో చేయించినవి. "రికార్డు లేకపోతే అడుగుతారు సార్" అంది. తర్వాత డిక్కీ మ్యాటు ఎత్తి చూసి, నా మొహం చూసింది.

"లోపల నీళ్ళెవరు పోస్తున్నారు?"

ఎవరు పోస్తారు బావా? మా అయ్యే. పడవ అమ్మేసిన దగ్గర్నుంచి ఆయనకి పొద్దున్నే కడగడానికి ఏదో ఒకటి కావాలి. వేట నుంచి వచ్చిన పడవ కడిగినట్టే మ్యాట్లు తీసి, డిక్కీ తెరిచి, చెంబుతో లోపలికి పోసి మరీ కడుగుతాడు. ఇంటికొచ్చి అరిచాను. చుట్టుపక్కలవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చారు. "పడవ అమ్మీసినావు, ఇప్పుడు నా కారు ముంచీసినావు!" అన్నాను. ఆయన చెంబు గట్టు మీద పెట్టి లోపలికి పోయాడు. అయిదు రోజులైంది, కారు వైపు రాలేదు. అన్నం తింటున్నాడు గానీ నాతో మాట లేదు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. ఈ ఉత్తరంలో రాయలేకపోతున్నాను.

నీ ఒంటి మీద ధ్యాస పెట్టుకో.

నీ
సన్యాసి


పెదజాలారిపేట,
ఫిబ్రవరి 10

బావా,

ఇది పోస్టులో వేస్తున్నాను, బోట్ల ఆఫీసు చిరునామాకి. చదివాక నన్ను తిట్టు, అక్కని మాత్రం ఏమీ అనకు. ఈ సంగతి నీకు రాయనని ఆవిడ పిల్లల మీద ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టున పెడుతున్నాను.

అక్క మూడు నెలలుగా చేపలమ్ముతోంది. నువ్వు పంపేది చాలక కాదు, ఇంట్లో ఊరికే కూర్చోలేక అంటుంది. రెండూ నిజమేననుకో. మద్దిలపాలెం వెనక అపార్టుమెంట్లలో ఆవిడకి పాతికిళ్ళు వాడుక. తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్లో వేలం పాట పాడి కొంటుంది, ఐసు పెట్టెలో సర్దుతుంది. వాసన వస్తుందని ఆటోవాళ్ళు ఎక్కించుకోరు. అందుకని నా డిక్కీలో పెట్టించుకుని దింపేస్తున్నాను. ఆ తర్వాత సీట్ల మీద సెంటు కొట్టుకుని ఆఫీసరుగారి ఇంటికి పోతున్నాను. ఆఫీసు అద్దెకి పెట్టుకున్న బండిలో చేపలు మోస్తున్నానని తెలిస్తే ఆ ట్రిప్పులు అక్కడితో సరి.

అయ్యకి ఎందుకు చెప్పలేదో నీకు వేరే చెప్పాలా? అమ్మ నలభయ్యేళ్ళు నెత్తిన గంప మోసింది. చివరి రెండేళ్ళు మెడ తిప్పలేక, పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేది. అమ్మని సాగనంపిన రోజు అయ్య అందరి ముందూ అన్నాడు, నా కూతురు గంప ఎత్తదని. నువ్వూ అక్కడే ఉన్నావు.

అందుకే దాచాం. ఆ పెట్టె కారుతుంది బావా. ఐసు కరిగి, చేపల ఉప్పునీళ్ళు మ్యాటు కిందికి దిగుతాయి. కిందికి దిగడం రెండు మూడుసార్లు చూశాను, గుడ్డతో తుడిచి ఊరుకున్నాను. ఆ రోజు నాగమణి అడగ్గానే నాకు మొదట గుర్తొచ్చింది ఆ పెట్టే. నోటికి వచ్చింది మాత్రం అయ్య పేరు. ఇంటికొచ్చి ఆయన మీద అరుస్తున్నంతసేపూ తప్పు నాదేనని తెలుసు. తెలిసే ఇంకా గట్టిగా అరిచాను. ఇంత పిరికివాణ్ణని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

ఇప్పుడేం చెయ్యాలో తోచడం లేదు. నాగమణి చెప్పినదాని ప్రకారం, గీత దాటేలోగా క్లెయిము పెడితే బ్యాటరీ పెట్టె విప్పి చూస్తారు. దానికి ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, బండిలో నీళ్ళు పోయలేదు, తడి సరుకు మోయలేదు అని. విప్పాక నీళ్ళవల్లే పాడైందని తేలితే వారంటీ రాదు, ఆ మాట కంప్యూటర్లో బండి పేరు మీద ఉండిపోతుంది. ఆపైన వారంటీ పొడిగించుకునే వీలూ ఉండదు. గురువులు దగ్గరకి పోతే, పాడైన సెల్సు తీసి పాతబండి సెల్సు వేస్తానన్నాడు, ఆరు నెలలు తను పూచీ అన్నాడు. అతను సీలు విప్పితే కంపెనీ ఇక మన మొహం చూడదు. మూడో దారి కూడా గురువులే చెప్పాడు.

"లైటు ఆర్పీసి ఇచ్చీత్తాను. సబ్బవరంలో శ్రీరామ్మూర్తి మాస్టారని ఉన్నారు, ఇలాటి బండి కోసమే ఎతుకుతన్నారు. వారంటీ ఇంకా ఉందని కాయితం సూపించి అమ్మీ. లైటు మళ్ళీ ఎలిగేతలికి ఆయన సూసుకుంటాడు."

ఒప్పుకుంటాననే అనుకున్నాను. మాస్టారు ఫోను చేశారు కూడా. రిటైరయ్యాక భార్యని ఆసుపత్రికి తిప్పడానికట. మెత్తగా, మర్యాదగా మాట్లాడారు. బండి ఎలా ఉంది బాబూ అనడిగితే, రేపు చెప్తానండీ అని పెట్టేశాను. రేపు వచ్చింది, పోయింది. మళ్ళీ చెయ్యలేదు.

ట్రిప్పులు తగ్గించుకున్నాను. ఇంకా ఎనిమిదివందల కిలోమీటర్లున్నాయి. టీ తాగడానికి ఆగినా ముందు మీటరే చూస్తున్నాను. బీచిరోడ్డు మీద ఒక కిలోమీటరు ఊరికే తిరిగినా నా ఒంట్లోంచి ఏదో పోయినట్టుంటోంది. అక్క ఏమో పెట్టె మానేస్తానంటుంది, నేనేమో వద్దంటున్నాను. ఇద్దరం గుసగుసలాడుతుంటే అయ్య లేచి బయటికి పోతున్నాడు.

శుక్రవారం క్లెయిముకి టైమిచ్చారు. వెళ్ళేదీ లేనిదీ ఇంకా తెలీదు.

ఒట్టు తప్పినవాడు,
సన్యాసి


పెదజాలారిపేట,
ఫిబ్రవరి 14

బావా,

పోయినసారి రాసింది నువ్వింకా చదవకముందే ఇది కూడా చేరుతుందేమో. రెండూ ఒకేసారి చదివి నన్ను ఒకేసారి తిట్టుకో.

నిన్న వెళ్ళాను. బయల్దేరుతుంటే అయ్య ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. ఎక్కడికయ్యా అంటే, "నడుపు" అన్నాడు. రెండు వారాల్లో నాతో అన్న మొదటి మాట అదే.

సర్వీసు సెంటర్లో సంతకం కాగితం నా ముందు పెట్టారు. చదివాను. పెన్ను పట్టుకున్నాను. ముందు విప్పి చూడండి, తర్వాత పెడతాను అన్నాను. అలా కుదరదన్నారు గానీ, నాగమణి ఎందుకో సరేనంది. మెకానిక్కులిద్దరు రబ్బరు తొడుగులు వేసుకుని మూత లేపారు. లోపల రాగిపట్టీల మీద పచ్చగా, తెల్లగా చిలుము పేరుకుని ఉంది. ఆవిడ వంగి చూసి అంది, "ఇది ఉప్పు. ఏం మోశారు సార్ ఇందులో?"

నేను నోరు తెరిచేలోగా అయ్య ముందుకొచ్చాడు.

"ఆడికేటీ తెలీదమ్మా. నానే కడిగినాను. సముద్రం నీళ్ళట్టుకొచ్చి కడిగీసినాను."

"సముద్రం నీళ్ళతోనా తాతా? కారుని?"

"అవును. ముసిలోణ్ణి, నాకేటి తెలుత్తాది?"

మెకానిక్కులు మొహాలు చూసుకుని నవ్వారు. ఒకడు ఫోను తీసి ఎవరికో చెబుతున్నాడు కూడా. అయ్య తల వంచుకుని నిలబడ్డాడు. బావా, యాభయ్యేళ్ళు సముద్రం మీద బతికిన మనిషి. ఇంజను మీద ఉప్పు తుంపర పడితే తన తాగేనీళ్ళు పోసి కడిగినవాడు. ఇనుముకి ఉప్పునీళ్ళు పోశానని చెప్పుకుని, మొహం తెలియనివాళ్ళు నవ్వుతుంటే పడ్డాడు. అది నేను చూడలేకపోయాను.

చెప్పేశాను. పెట్టె, ఐసు, అక్క, మూడు నెలలు, అంతా. గొంతు పెద్దదైపోయింది, పక్క బండివాళ్ళు కూడా విన్నారు. ఆ కాగితం మీద తడి సరుకు మోశాను అని నా చేత్తోనే రాసి సంతకం పెట్టాను. మోసినది పట్టపగలు తెలిసిపోయింది కాబట్టి ఆఫీసుకి కూడా నేనే ఫోను చేసి చెప్పాను. ట్రిప్పులు ఉంచుతారో తీసేస్తారో సోమవారం చెప్తామన్నారు.

వారంటీ రాలేదు. రాదని తెలిసే చెప్పాను. అయ్య బయట షెడ్డు అరుగు మీద కూర్చుంటే నాగమణి నన్ను పక్కకి పిలిచింది. నెమ్మదిగా మాట్లాడింది.

"సార్, మీకొకటి చెప్పాలి. ఐసు పెట్టె కారింది కొంచెమే. ఆ ఉప్పు పైనే ఎండిపోయి ఉండేది, తుడిస్తే పోయేది. తర్వాత ఎవరో మంచినీళ్ళు గట్టిగా పోశారు. ఆ నీళ్ళే ఉప్పుని కరిగించి బ్యాటరీలోకి దింపాయి. అలా కడక్కుండా ఉంటే దీనికేం అయ్యేది కాదు."

నేను అబద్ధమని తెలిసి ఆయన మీద వేసిన నింద నిజమైంది బావా.

బయటికొచ్చి అయ్య పక్కన కూర్చున్నాను. నీకు తెలుసా అయ్యా అని అడిగాను.

"సేపలోడి ముక్కురా ఇది. నువ్వు సెంటు కొడితే పోద్దేటి? మొదటి వారమే మేటెత్తి, ఏలెట్టి, నాలిక్కి రాసుకుని సూసినాను. ఐసు నీళ్ళు."

"మరెందుకు అడగలేదు? అక్క గంప ఎత్తకూడదన్నావు గదా."

"నెత్తినెట్టుకోవద్దన్నాను. మీ యమ్మ మెడ సూసినోణ్ణి గదా, అందుకన్నాను. యాపారం మానీమన్నానేటి?" లోపలున్న బండి వైపు చెయ్యి చూపించాడు. "మీ యక్క నెత్తిన ఇప్పుడు బరువు లేదు. దాని గంప ఈ కారు మోత్తంది. మోసినదాన్ని ఉప్పుతో ఎలాగ ఒగ్గీత్తాను? అందుకే రోజూ మంచినీళ్ళు పోసి కడిగినాను."

అప్పుడు ఆయన నా వైపు తిరిగి అడిగాడు, చాలా చిన్న గొంతుతో.

"ఒరే, నా నీళ్ళ వల్ల దానికేటీ అవ్వలేదు గదా?"

అద్దాల అవతల నాగమణి మావైపే చూస్తోంది. ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు.

"లేదయ్యా" అన్నాను. "నువ్వు కడిగినావు గాబట్టే ఇన్నాళ్ళు బతికిందంటంది ఆ అమ్మాయి."

"సూసినావా మరి! ముంచీసినానన్నావు నన్ను" అన్నాడు. రెండు వారాలకి ఆయన మొహంలో వెలుగు చూశాను. దారిలో టీ కూడా ఆయనే తాగించాడు.

బండి గురువులు షెడ్డులో ఉంది, పాత సెల్సు వేస్తున్నాడు. శ్రీరామ్మూర్తి మాస్టారికి ఫోను చేసి, ఈ బండి మీకొద్దండీ అని కారణంతో సహా చెప్పాను. అక్క ఇక దాచకుండానే అమ్ముతుంది. పెట్టె కింద వేయడానికి అయ్య లోతైన రేకు పళ్ళెం ఒకటి చేయిస్తున్నాడు. నీకు కోపమొస్తే ఆయనతో మాట్లాడుకో, ఇక నాకు సంబంధం లేదు. డిక్కీలోకి మాత్రం ఇక నీళ్ళు పోయొద్దన్నాను. మార్చి వేసే సెల్సుకి పడదని చెప్పాను, నమ్మాడు.

కంపెనీ కాగితం మీద నిజం రాసి వారంటీ పోగొట్టుకున్నవాణ్ణి, మా అయ్యకి మాత్రం అబద్ధం చెప్పాను. అక్కకి కూడా నిజం తెలీదు. ఎవరో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడదని నీకు రాస్తున్నాను. చదివాక దీన్ని సముద్రంలో వేసేయి. వేసవికి నువ్వొచ్చినప్పుడు మామ నీకీ సంగతంతా చెప్పి, నా నీళ్ళ వల్లే బతికిందిరా అంటాడు. అవును మామా అను.

నీ
సన్యాసిరాజు