అక్క చేతులు గీసిన రోజు

మంగళవారం, భోజనాలయ్యాక

ఎక్స్‌ప్రెషనిజం అంటే ఏటో ఈరోజు తెలిసింది. పుస్తకంలో చదివినన్నాళ్లూ ఒట్టి మాటలే బుర్రకెక్కాయి.

బావకి గుండె ఆపరేషన్ అయిన రోజు అక్క ఆసుపత్రి వరండాలో ఎలా కూర్చుందో ఆ బొమ్మ గీసినాను. ఇదివరకు గీసినవాటిలో పోలిక కుదిరింది గానీ ప్రాణం లేదు. ఈసారి కొలతలు వదిలేసినాను. ఆ రోజు మీద పడతాయేమో అనిపించినట్టే గోడలు వంచేసినాను. అక్క ముఖానికి ఆకుపచ్చ రంగు వేసినాను. ఒళ్లో చేతులు తలకంటే పెద్దవైపోయాయి.

సుభాష్‌పల్లిలో నాకు బొమ్మలు నేర్పే బెంగాలీ దాదా చాలాసేపు చూసి, "గోడలు నిజంగా ఒరిగినాయా?" అని అడిగాడు.

"నాకు ఒరిగినాయి దాదా."

"ఠీక్ హై. కంటికి కనిపించింది కాదు, లోపల పడింది గీసినావు. ఎక్స్‌ప్రెషనిజం అంటే అదే."

న్యూ సెటిల్‌మెంట్లో అక్క వాళ్లింటి దాకా సైకిల్ మీద పాడుకుంటూ వెళ్లినాను. గుమ్మం దగ్గర భయం పట్టుకుంది. వికారంగా గీసినానని బాధపడితే?

అక్క బొమ్మ చూసి, తన చేతులు చూసుకుంది.

"ఆ రోజు ఇంతే బరువెక్కిపోయినాయే. ప్రార్థనకి కూడా ఎత్తలేకపోయినాను. ఎవరికీ సెప్పలేదు. నీకెలా తెలిసింది?"

ఏమో. నా చేతికి తెలిసిందేమో.

ఇది బావ చూడొచ్చా అని నేను ఆలోచిస్తూండగానే అక్క మేకు తెచ్చి బొమ్మని ముందుగది గోడకి కొట్టేసింది.

లోపల్నుంచి బావ, "ఏటా సప్పుడు?" అన్నాడు.

"ఒచ్చి సూడు," అంది అక్క.