గొడుగులవారి ఇంటి కప్పు

ఇళ్ల మరమ్మతు నిధి చూసే అధికారి గారికి, నమస్కారాలతో రాయునది.

పాత ఇళ్లు బాగుచేయించుకోవడానికి సర్కారు సాయం చేస్తోందని ఎదురింటి దర్జీ చెబితే ఈ దరఖాస్తు పెడుతున్నాను. మా ఇంటి గోడలు గట్టివే, తలుపులు గట్టివే, ఈ వయసుకు నేనూ గట్టిదాన్నే. కప్పు ఒక్కటే మాట వినడం లేదు. వాన పడితే ముందుగదిలో బకెట్, వంటగదిలో గంగాళం పెట్టి, మధ్యలో ఎక్కడ చోటుంటే అక్కడ నేను కూర్చుంటాను.

దీనికి మా వీధిలో నవ్వనివాళ్లు లేరు. ఎందుకంటే మావారు గొడుగులు బాగుచేసేవారు. అందరి నెత్తినా చుక్క పడకుండా చూసిన మనిషి, సొంత కప్పు సంగతి ఎత్తితే మాత్రం "వచ్చే వేసవిలో చూద్దాంలే" అనేవారు. ఆ వేసవి రాకముందే కాలం చేశారు.

ఈ వానాకాలం గడిచేలోపు కప్పు కూలుతుందని మేస్త్రీ తేల్చేశాడు. అదే జరిగితే నేను ఇల్లు వదిలి మా చెల్లెలి పంచన చేరాలి. చెల్లెలు మంచిదే కానీ నిద్రలో కూడా మాట్లాడుతుంది. కాస్త దయచూడండి.

ఇట్లు,
వీధిలో అందరూ గొడుగుల పిన్ని అని పిలిచే మనిషి

తా.క.: దరఖాస్తుతో పెట్టమన్న ఫోటోలు జతచేశాను. వంటగదిలో గొడుగు వేసుకుని కూరలు తరుగుతున్నది నేనే.

*

దరఖాస్తుదారు గారికి,

మీ దరఖాస్తు అందినది. ఫోటోల్లో మీ ఇంటి గోడలమీద "ఇచ్చట గొడుగులు బాగుచేయబడును" అని కనిపిస్తోంది. ఈ నిధి నివాసాలకే గాని దుకాణాలకు వర్తించదు. దుకాణం నడవడం లేదని తేలితేనే మీ ఫైలు కదులుతుంది. మా ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు. ఆయనకు సహకరించగలరు.

ఇట్లు,
అధికారి, ఇళ్ల మరమ్మతు నిధి

తా.క.: వంటగదిలోని గొడుగు మరమ్మతుకు వచ్చిన సరుకు కాదని విడిగా రాసి పంపండి.

*

అధికారి గారికి నమస్కారాలు.

ఆ గొడుగు నాది, సరుకు కాదు. మావారు పోయిన రోజే దుకాణమూ పోయింది. ఆయన పనిముట్ల పెట్టె మాత్రం మంచం కింద ఉంది.

మీ ఇన్‌స్పెక్టర్ గారు నిన్న జల్లులో వచ్చారు. చాలా మర్యాదస్తులు. కానీ ఆయన గొడుగు చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఒక ఊచ విరిగి వేలాడుతోంది, గుడ్డ అంచు ఊడిపోయింది. ఆయన గోడలు కొలుచుకుంటుంటే నేను ఊరికే చూద్దామని పెట్టె తీశాను. మూత తీయగానే మైనం వాసన వచ్చింది. మావారు సాయంత్రం ఇంట్లోకి వస్తే వచ్చే వాసన అదే. ఇక నా చేతులు నా మాట వినలేదు. ఊచ మార్చి, అంచు కుట్టి, గుడ్డకు మైనం పూసి ఆయన చేతిలో పెట్టాను. సహకరించమన్నారు కదా, నాకు చేతనైనంత సహకరించాను.

ఇట్లు,
గొడుగుల పిన్ని

తా.క.: డబ్బులు ముట్టలేదు. ఆయన మొహమాటపడుతుంటే కూర్చోబెట్టి టీ ఇచ్చాను.

*

దరఖాస్తుదారు గారికి,

ఇన్‌స్పెక్టర్ నివేదిక చదివాను. "దుకాణం చక్కగా నడుస్తోంది. పనితనం మెచ్చుకోదగ్గది. వచ్చినవారికి టీ కూడా ఇస్తున్నారు" అని రాశారు. ఆయన ఉన్నది ఉన్నట్టు రాసే మనిషి, అదే మన కొంప ముంచింది. మీ ఫైలు వ్యాపార అనుమతుల విభాగానికి వెళ్లింది. అక్కడినుంచి ఒకరు తనిఖీకి వస్తారు. ఈసారి దయచేసి ఏదీ బాగుచేయకండి.

ఇట్లు,
అధికారి

తా.క.: ఆ గొడుగును మా ఆఫీసులో అందరూ తెరిచి మూసి చూస్తున్నారు. రెండు రోజులుగా పని సాగడం లేదు.

*

అధికారి బాబుకు గొడుగుల పిన్ని రాయునది.

మీ మాట జవదాటలేదు. అనుమతులాయన జల్లెడ లాంటి గొడుగు పట్టుకొచ్చాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాను. "ఇది బాగవుతుందా అండీ" అని ఆయనే అడిగాడు. "నాకేం తెలుసు, ఇక్కడ దుకాణం లేదు" అన్నాను. మావారు వింటే నన్ను ఇంట్లోంచి పంపేసేవారు.

ఆయన బయల్దేరే వేళకు కుండపోత. మనిషన్నవాడు అలాంటి వానలోకి ఇంకో మనిషిని ఎలా పంపుతాడు, చెప్పండి. నా గొడుగు ఇచ్చి, వీలున్నప్పుడు తెచ్చివ్వమన్నాను. బాగుచేయలేదు. పెట్టె మూత కూడా తీయలేదు.

ఇట్లు,
గొడుగుల పిన్ని

తా.క.: ఆయన ఇంకా తెచ్చివ్వలేదు. ఇంట్లో తడుస్తున్నాను.

*

పిన్ని గారికి నమస్కారం.

అనుమతులాయన నివేదికలో "గొడుగులు అద్దెకు కూడా ఇవ్వబడుచున్నవి, వ్యాపారం విస్తరిస్తున్నది" అని ఉంది. చదివి తల పట్టుకున్నాను. కమిటీ ముందు మీ తరఫున నేనే వాదించాను. టీ ఇచ్చినంత మాత్రాన హోటలు అవుతుందా అని అడిగాను. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. గోడమీది రాత కనబడకూడదు. సున్నం కొట్టించి ఫోటో పంపితే కప్పుకు నిధి ఇస్తారు. లేదంటే ఈ ఏటికి లేదు. ఇంతకుమించి నా వల్ల కాలేదు.

ఇట్లు,
అధికారి

తా.క.: మీ గొడుగు పంపుతున్నాను. దాన్ని సాక్ష్యంగా ఫైలుకు కట్టేశారు. విప్పించడానికి నలుగురి సంతకాలు పట్టాయి.

*

అధికారి బాబుకు,

సున్నం కొట్టించాను. ఫోటో ఇదిగో.

ఆ అక్షరాలు నేను కాపురానికి వచ్చిన కొత్తలో మావారు రాసినవి. ఆయన ముక్కాలిపీట ఎక్కితే నేను కింద పట్టుకుని నిలబడ్డాను. రంగు కలపడానికి మా అమ్మ ఇచ్చిన పాలగిన్నె ఎత్తుకుపోయి, ఏం కలిపారో ఏమో, పాడుచేసి తెచ్చారు. ఎంత తోమినా ఆ జిడ్డు వదల్లేదు. ఆ గిన్నె కోసం నెల్లాళ్లు ఆయనతో మాట్లాడలేదు.

రాయడం దర్జాగా ఇంతేసి అక్షరాలతో మొదలుపెట్టారు. "బాగుచేయబడు" దాకా వచ్చేసరికి గోడ అయిపోయింది. చెరిపి చిన్నగా రాయండి అంటే పౌరుషం. మిగిలిన "ను" తీసుకెళ్లి మలుపు అవతల సందులో గోడమీద రాశారు. సందులోంచి వచ్చేవాళ్లకు ఆ ఒక్కటే కనబడేది. అప్పటినుంచి అది ను సందు. పురుడు పోయడానికి వచ్చే డాక్టరమ్మకైనా, కొత్తగా అద్దెకు దిగేవాళ్లకైనా "ను దగ్గర తిరగండి" అనే చెప్పేవాళ్లం.

ఏం చేయను, అక్షరాలు కప్పుకుని పడుకోలేను కదా. సున్నం వేసేవాడికి కూడా నేనే పీట పట్టుకున్నాను. "ను" దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. వాడు కళ్లలో సున్నం పడిందనుకుని నీళ్లు తెచ్చిచ్చాడు.

ఇట్లు,
గొడుగుల పిన్ని

తా.క.: నిన్న పోస్టాయన సందు దాటిపోయి, చాలా దూరం నుంచి వెనక్కి వచ్చాడు. ఇకమీదట మీ ఉత్తరాలు ఆలస్యమైతే తప్పు మీ కమిటీదే.

*

పిన్ని గారికి నమస్కారం.

నిధి మంజూరైంది. పెంకులు, పనివాళ్లు ఈ వారమే వస్తారు. మీ ఉత్తరం ఇంటికి తీసుకెళ్లి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ మళ్లీ మొదటినుంచి చదవమంది.

ఇట్లు,
అధికారి

తా.క.: పేట బాగు పద్దు కింద మీ వీధికి ఒక దీపస్తంభం వచ్చింది. ప్లానులో "ను సందు మొదట" అని ఉంది. పనివాళ్లకు ఆ సందు దొరక్క తిరిగొచ్చారు. "ను" అంటే ఎవరో మహానుభావుడి పేరుకు పొట్టిరూపం అనుకుని, మా కమిటీ చైర్మన్ గారు విగ్రహం గురించి కూడా ఆలోచిస్తున్నారు.

*

అధికారి బాబుకు ఆశీస్సులు.

కప్పు వేశారు. నిన్న పెద్ద వాన. ఇంట్లో ఒక్క చుక్క పడలేదు. అలవాటు కొద్దీ బకెట్ పట్టుకుని గదులన్నీ తిరిగాను, ఎక్కడ పెట్టాలో తోచలేదు.

ఇంతలో బయటినుంచి దర్జీ కేకేశాడు. వెళ్లి చూద్దును కదా, గోడమీద సున్నం పాలలా కారిపోతోంది. గోడంతా కాదు, అక్షరాలున్న చోట మాత్రమే. "ఇచ్చట" బయటపడింది, తర్వాత "గొడుగులు" బయటపడింది. పరుగున మలుపు తిరిగాను. "ను" అప్పటికే వచ్చేసి నాకోసం చూస్తోంది. చుట్టూ తెల్లటి గోడ కావడంతో మునుపటికంటే నిండుగా ఉంది.

ఇంట్లోకి వచ్చి పాత పాలగిన్నె దింపి దానిమీద నీళ్లు పోశాను. నిలవలేదు, బొట్లు బొట్లుగా జారిపోయాయి. అప్పుడు అర్థమైంది. గొడుగు గుడ్డకు పూసే మైనాన్నే అందులో కాచి రంగులో కలిపారు. నీళ్లే నిలవనిచోట సున్నం ఏం నిలుస్తుంది. ఇంటి కప్పు మరిచిపోయిన మనిషి, గోడమీది మాటకు మాత్రం గొడుగు పట్టి వెళ్లారు.

ఆ గిన్నె మీద ఇన్నేళ్లూ దాచుకున్న కోపం నిన్న పోయింది. చెబుదామంటే ఆయన లేరు. అందుకే మీకు రాస్తున్నాను.

షరతు ప్రకారం సున్నం కొట్టించానని మీ కమిటీకి చెప్పండి. మళ్లీ కొట్టమంటే మళ్లీ కొట్టిస్తాను. వానలు ఎలాగూ ఉన్నాయి.

ఇట్లు,
గొడుగుల పిన్ని

తా.క.: ఇన్‌స్పెక్టర్ గారు "ఒక స్నేహితుడిది" అని చెప్పి తెచ్చిన గొడుగు బాగైంది. పిడిమీద మీ ఆఫీసు ముద్ర, దాని కింద మీ సంతకం ఉన్నాయి. మీరే వచ్చి తీసుకెళ్లండి. దీపం పనివాళ్లను కూడా వెంటబెట్టుకు రండి. ను దగ్గర తిరగాలి.