రెండు తాళాల షెడ్డు

దూలపల్లి,
17 సెప్టెంబర్ 2025, బుధవారం.

అమీర్ అలీ భాయ్‌కి,

నీ పాత దోస్తు కుర్మయ్య సలాం. అఫ్రీన్‌కి, అల్లుడు రహీల్‌కి, నేనింకా చూడని చిన్నదానికి నా దీవెనలు. మీరంతా చల్లగా ఉన్నారని, మన బస్తీ నుంచి మీ ఇంటికి వచ్చిపోయే తస్లీమ్ చెప్పింది. మా సంగతి కూడా అలాగే ఉందని రాద్దామనుకున్నాను గానీ అది అబద్ధమవుతుంది. అందుకని కుశలాలు ఇక్కడితో ఆపేస్తున్నాను.

నీకు తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. దీన్ని అఫ్రీనే చదివి వినిపించాలి. బిడ్డా, నా రాత చూసి తిట్టుకో, కానీ మధ్యలో వదిలెయ్యకు. ఫోను చేస్తే మీ అబ్బా ఎత్తడు. రెండుసార్లు మీ షామీర్‌పేట బస్సెక్కాను కూడా. ఒకసారి చెరువు కట్ట దగ్గర దిగి, చాయ్ తాగి, ఎదురొచ్చిన బస్సులోనే తిరిగి వచ్చాను. అరవై రెండేళ్ల మనిషికి ఇంత పిరికితనమా అని నవ్వుకో భాయ్. నీకా హక్కుంది.

ముందు చెడ్డ కబురు చెప్పేస్తాను. సుక్కమ్మ పోయింది. ఫిబ్రవరి ఇరవై, గురువారం పొద్దున పదింటికి, ఆసుపత్రిలో. కిడ్నీలు పాడై ఆర్నెల్లు నరకం చూసింది. తస్లీమ్ అప్పుడు పుట్టింట్లో ఉంది, మిగతావాళ్లు నీకు కబురు పెడతామంటే నేనే వద్దన్నాను. ఏ మొహం పెట్టుకుని పెట్టను?

ఇంటికి తెస్తానని ఓనరుకు ఫోను చేశాను. పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లో కిరాయికి ఉన్నాం. పండగకు పండగకు సుక్కమ్మ వాళ్లింటికి బూరెలు పంపేది. ఆయన మర్యాదగానే చెప్పాడు. "మా బిడ్డ పెండ్లి మాట నడుస్తాంది కుర్మయ్యా, పీనుగను లోపటికి తేవొద్దు, ఏమనుకోకు" అన్నాడు. మన సంఘం షెడ్డుకు తీసుకుపోదామంటే దాని మీద అప్పటికే సంఘంలోని వీరేందర్ వాళ్ల తాళం ఒకటి, ఏజాజ్ వాళ్ల తాళం ఒకటి వేలాడుతున్నాయి. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి రెండు నెలలైంది. నీ వదినను ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికే తీసుకుపోయాను. అక్కడి నల్లా కింద రెండు బిందెలు పట్టి మన బస్తీ రోజారాణి స్నానం చేయించింది. ఇంటి గుమ్మం ముందు ఒక్క నిమిషం దించలేకపోయాను భాయ్. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసినదాన్ని.

అఫ్రీన్‌కి ఈ షెడ్డు గొడవ పూర్తిగా తెలియదు. మేం దాన్ని కట్టుకునేనాటికి తను పలక పట్టుకు తిరిగే పిల్ల. అందుకని తనకు చెబుతున్నట్టే రాస్తాను, నీకు విసుగొస్తే ఓర్చుకో.

బిడ్డా, 2005లో మా కంపెనీలో కొలిమి దగ్గర ఒకతను చచ్చిపోయాడు. అతను కిరాయి గదిలో ఉండేవాడు. ఓనరు శవాన్ని గేటు దాటనివ్వలేదు. నడిరోడ్డు మీద చాప పరిచి పడుకోబెట్టాం, లారీలు పక్కనుంచే పోయాయి. ఆ రోజే మీ అబ్బా, నేనూ అనుకున్నాం, మన బస్తీలో ఇంకెవరికీ ఈ గతి పట్టకూడదని. స్థలం గలామె జానకీదేవి గారు తన జాగలో ఒక మూల ఇచ్చారు. రేకులేసి, బండలు పరిచి, నల్లా పెట్టించి, నలభై ఒక్క ఇళ్ల సంఘం చేశాం. హిందువైనా, ముస్లిమైనా, నిన్న ఊళ్లో దిగినవాడైనా, కిరాయింట్లో పోయినవాడికి చివరిసారి పడుకోవడానికి ఒక నీడ.

నిబంధనలు రాయాలని పట్టుబట్టింది మీ అబ్బానే. నేనేమో మనుషులు మంచోళ్లైతే కాగితాలెందుకన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "మనం మంచోళ్లమున్నంత కాలం కాగితంతోని పనిలేదు కుర్మన్నా, మనం మంచోళ్లం గాని దినం కోసమే రాసుడు" అన్నాడు. షెడ్డుకు రెండు తాళాలు, ఒకదాని చెవి ముస్లిం ఇంట్లో, ఒకదాని చెవి హిందూ ఇంట్లో, ఇద్దరూ వస్తేనే తెరవాలి, ఎవరూ దాన్ని మా సొత్తు అనకుండా. చెవి ఉన్నవాళ్లు ఊరు దాటితే అధ్యక్షుడికి అప్పగించి పుస్తకంలో రాయించాలి, తీసుకున్నవాడు సంతకం పెట్టాలి. ఎవరి పేరు కొట్టేయాలన్నా ముందు వాళ్లను అందరి మధ్యన కూర్చోబెట్టి వాళ్ల మాట వినాలి. పందొమ్మిదేళ్లు అలా నడిచింది. మేం గొప్పవాళ్లం కాబట్టి కాదు, ఆ కాగితం ఉంది కాబట్టి.

పోయిన ఏడాది ఆషాఢంలో ఏం జరిగిందో మీకు తెలుసు. మీ అబ్బా నీ కాన్పుకని ఆసుపత్రికి వచ్చిన నాలుగో రోజు రోజారాణి పెనిమిటి పోయాడు. ట్రాలీ ఆటోలో తెచ్చారు. వీరేందర్ దగ్గరున్న చెవితో ఒక తాళం తెరుచుకుంది, రెండోది తెరుచుకోలేదు. పుస్తకం తీసి చూస్తే చెవి అమీర్ అలీ దగ్గరే ఉన్నట్టుంది, ఎవరికీ అప్పగించినట్టు రాసి లేదు. ఫోను చేస్తే కలవలేదు. మూడు గంటలు వానలో, టార్పాలిన్ కింద, ఆ మనిషి మొహం మీద బురద నీళ్లు పడుతుంటే రోజారాణి చీర కొంగుతో తుడుస్తూనే ఉందట. నేను చుట్టాలింట్లో బోనాలకు మేడ్చల్ పోయి ఉన్నాను. తిరిగి వచ్చేసరికి తాళం పగలగొట్టారు. అందరి నోటా మీ అబ్బా పేరే. రోజారాణి మన్ను దోసిట పట్టి, "వాని ఇంట్ల గిట్లనే గావాలె" అని శపించింది.

ఆదివారం మీటింగు. అమీర్ భాయ్ రానీ, వినాలి అని కాగితంలో ఉంది గదా అని ఒక్క ఏజాజే అన్నాడు. "ఇనేదేంది, బుక్కు చెప్తలేదా" అన్నాడు వీరేందర్. పేరు కొట్టేశారు. అధ్యక్షుడిగా కింద సంతకం పెట్టింది నేనే.

భాయ్, నువ్వు వచ్చి మా గుమ్మంలో నిలబడ్డ సంగతి నేను మరిచిపోలేదు. సుక్కమ్మ చాయ్ పెడతానంటే వద్దన్నావు. "నాకు చెప్పేదేమన్న ఉన్నదా కుర్మన్నా" అని అడిగావు. మీటింగు అయిపోయింది గదా అన్నాను. "సరే, పైలం" అని వెళ్లిపోయావు. నెల తిరక్కుండా ఇల్లు ఖాళీ చేసి షామీర్‌పేట చేరావు.

ఆ తర్వాత సంఘం నిలవలేదు. ఒక నిబంధన కొట్టేసినవాళ్లకు రెండోది కొట్టేయడానికి చెయ్యి వణకలేదు. ముందు తొమ్మిది ముస్లిం ఇళ్లు రావడం మానేశాయి. నాకు నోరు లేదని చూసి వీరేందర్ అధ్యక్షుడయ్యాడు. ఒడిశా నుంచి వచ్చిన కూలీ ఒకతను పోతే మెంబరు కాదని షెడ్డు తెరవలేదు, అతన్ని మళ్లీ ఆ రోడ్డు మీదే పడుకోబెట్టారు. ఆ కోపంతో ఏజాజ్ వాళ్లు వచ్చి వేరే తాళం వేశారు. మిగిలింది నీకు పైన రాశాను.

ఇప్పుడు అసలు పని. జానకీదేవి గారితో మన ఒప్పందం పదేళ్లకోసారి కొత్తది చేసుకోవాలి. ఈ నెల ఇరవై ఎనిమిది, ఆదివారంతో గడువు అయిపోతుంది. మొదట సంతకాలు పెట్టిన మనమిద్దరం ఆమె ముందు కూర్చుని పెట్టాలి, ఒక్కరు పెడితే చెల్లదు. ఆమె కొడుకు ఆ జాగను లేఅవుట్‌లో కలపాలని చూస్తున్నాడు. ఆమె మాత్రం, "అమీర్ అలీని తోల్కరా కుర్మయ్యా, ఆయన కూసుంటె నేను మాట తప్పను" అంది. నీ పేరు కొట్టేసింది మేము, ఆమె దగ్గరున్న కాగితంలో నీ పేరు అలాగే ఉంది.

మా కోసం రమ్మని అడగను. ఈ బస్తీలో ఇంకా రెండు వందల కిరాయి గదులున్నాయి. వాటిలో ముసలివాళ్లున్నారు, రోగులున్నారు. నాకు సుక్కమ్మ విషయంలో జరిగినట్టు ఇంకొకడికి జరగకూడదు. నువ్వు రాకపోతే సోమవారం రేకులు పీకేస్తారు.

పదకొండింటికి, జానకీదేవి గారింట్లో. నీ కుర్చీ నా పక్కనే వేయిస్తాను. దూరంగా వేయమంటే దూరంగా వేయిస్తాను.

నీ మీద ప్రేమ ఎన్నడూ తగ్గని,
కుర్మయ్య

తా.క. అఫ్రీన్ బిడ్డా, ఇక్కడ ఆగకు. ఇది కూడా గట్టిగా చదువు.

పైన నేను రాసినదాంట్లో ఒకటి దాచాను. ఆ రోజు ఆ చెవి మీ అబ్బా దగ్గర లేదు, నా దగ్గర ఉంది. ఆసుపత్రికి బయలుదేరే ముందు ఆటో ఆపించి మరీ నా చేతిలో పెట్టి, "బుక్కుల రాసి సంతకం పెట్టు కుర్మన్నా" అన్నాడు. నేనే "మనకు మనకు బుక్కేందే, జల్దీ పో, బిడ్డ ఒక్కతే ఉంటది" అని తోలేశాను. దోస్తు నడుమ సంతకం అంటే నాకు నామోషీ అనిపించింది. రాయలేదు గనుకే ఆ రోజు నన్నెవరూ అడగలేదు. మేడ్చల్ నుంచి వచ్చి గుంపులో నిలబడ్డప్పుడు చెవి నా జేబులోనే ఉంది. రోజారాణి శాపం నా మీదికి వస్తుందని నోరు తెరవలేదు. మీటింగులోనూ తెరవలేదు. బట్టలు ఉతుకుతుంటే అది సుక్కమ్మకు దొరికింది. "పోయి చెప్పు" అంది. రేపన్నాను. ఆసుపత్రి మంచం మీద కూడా అడిగింది, చెప్పినవా అని. చెప్పానన్నాను. ఆ అబద్ధంతోనే పంపేశాను దాన్ని.

ఆదివారం అందరి ముందు నేను చెబుతాను. మీ అబ్బాను వినకుండా పంపాం, నన్ను మాత్రం కాగితంలో ఉన్నట్టే కూర్చోబెట్టి విని, అప్పుడు నా పేరు కొట్టేయమని అడుగుతాను.

చెవి సంగతి మీ అబ్బాకు తెలుసు. ఏడాదిగా తెలిసీ నా పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు. తెలియనిది నీకు. నా కాన్పు వల్లే అబ్బాకు చెడ్డపేరు వచ్చిందని నువ్వు తస్లీమ్ దగ్గర ఏడ్చావట. నీ వల్ల కాదు తల్లీ, ఆయన వల్లా కాదు.