మన్రో దొర చేసిన పొరపాటు

రియాద్, 9-7-2018

నాయనకు మన్రోలప్ప నమస్కారాలు.

నీ జాబు చేరింది. ఫోనులో నీకు వినబడదు కాబట్టి ఈ కార్డు రేపు ఊరికి పోయే మనిషి చేతికిస్తున్నాను. మన జిల్లాల్లో భూములు కొలిపించి రైతుల పేర పట్టాలిచ్చిన మన్రో దొర, మద్రాసు గవర్నరయ్యాక ఇంటికి పోతానని సెలవడిగి, బదులు మనిషి కోసం కాచుకుని ఉండగానే పత్తికొండలో పోయాడని రాశావు. నాకు ఆయన పేరు పెట్టావని నా గురించి దిగులు పడొద్దు. స్టోరులో నా పనికి కంపెనీ సౌదీ మనిషిని పెట్టింది. ఆయన వారం కిందటే వచ్చి తాళాలు తీసుకున్నాడు. నాకు ఇంక ఇంటికి పొమ్మని ఎగ్జిట్ వీసా కొట్టారు.

నా గదిలో ఉండే రాయచోటి పీరయ్య, "పోయేముందు దమ్మాంలో మనోళ్లనంతా చూసొద్దాం పా" అన్నాడు. దొర కూడా పోయేముందు అందరినీ చూడాలనే పత్తికొండ దాకా వచ్చాడని చెప్పాను. "ఆయనకొచ్చింది కలరా. నీకొచ్చేది బస్సులో నడుము నొప్పి" అని నవ్వాడు. అయినా నేను కదల్లేదు. చివరికి దమ్మాం వాళ్లే శుక్రవారం ఇక్కడి బతా బజారుకు వచ్చారు. "గవర్నరు దొరగారు కదలరంట, మేమే దర్బారుకొచ్చినాం" అని ఎగతాళి చేసి, మెస్సులో కడుపునిండా తిని పోయారు.

కింది చేనికి శెనక్కాయల విత్తనం తెచ్చారా? వాన పడితే నాకోసం ఆగొద్దు. నీ కోడలు చెంచులక్ష్మి అడిగిన కంబళ్లు కొన్నాను.

పదహారో తారీఖు విమానం. హైదరాబాదులో చిన్నమ్మ నాలుగు రోజులుండి పొమ్మంటోంది. ఏమీ అనుకోవద్దని ఆమెకు నువ్వే చెప్పు. అమ్మకు దండాలు, పిల్లలకు దీవెనలు. నేను ఎక్కడా దిగకుండా ఇంటికే వస్తున్నాను.

మన్రోలప్ప