కాలికి ధర

తండా, పినపాక మండలం
మార్చి మొదటివారం

ప్రేమగల కోటేష్ అన్నకు,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఫోన్ చేస్తే బాపు పక్కనే కూర్చుని వింటాడు. వాట్సాప్‌లో పెడితే నువ్వు బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే మిర్చి బస్తాలతో ఖమ్మం వస్తున్న తుల్సీరాం బాబాయికి ఇది ఇచ్చి పంపుతున్నాను. జవాబు కూడా ఆయనతోనే పంపు.

బాపు కాలు బాగా లేదు. నెల కింద పత్తికట్టె పీకుతుంటే మోడు గుచ్చుకుంది. షుగర్ ఉన్న ఒళ్లు కదా, పుండు మానలేదు. ఇప్పుడు రెండు వేళ్లు నల్లబడ్డాయి, తీసేయాల్సిందేనని తండాకు వచ్చే నర్సు చెప్పింది. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఒట్టు తీసి గట్టున పెట్టాను. దవాఖానాకు పోదామంటే ఒకటే మాట: "అంగట్ల ఎడ్లకు ధర ఉంటది, పత్తికి ధర ఉంటది. నా కాలుకు ధరెంతో ముందుగాల చెప్పమను, వస్త."

ఆ మాట వెనక ఏముందో నీకు తెలియదు. పోయినేడు అమ్మ తుంటి విరిగి, నువ్వు పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చాం కదా. బాపు "ఎంతైతది సారూ?" అని అడిగితే డాక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ముందు అమ్మను నడిపిద్దాం, డబ్బు సంగతి తర్వాత" అన్నాడు. బాపుకు కళ్లనీళ్లు తిరిగాయి. మన అడవి పక్క మనుషులకు ఆ మాటకు అర్థం వేరు. గుట్ట అవతల ఎముకలు కట్టే నాగక్క కూడా అదే అంటుంది. ఆమెను ధర అడగకూడదు, అడిగితే మందు పనిచేయదంటారు. మనిషి లేచి నడిచాక, కలిగినంత తెచ్చి గడప దగ్గర పెట్టి దండం పెట్టి రావడమే. బాపు మీ డాక్టరును కూడా ఆ లెక్కలోనే వేశాడు. "పట్నంల గిసొంటి మనిషి ఉన్నడు" అని తండా అంతా చెప్పుకున్నాడు. డిశ్చార్జి రోజు నాటుకోడిని, సీసా నిండా తేనెను పట్టుకుని వచ్చింది అందుకే. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి బిల్లు చేతికిచ్చింది. అందులో ఒక పద్దు చూపించి "ఇది ఏంది బిడ్డా?" అంటే, ఆ అమ్మాయి "అవన్నీ అందులోనే వస్తాయి" అంది. బాపు ఇంకేమీ అడగలేదు. నీ ఉద్యోగానికి మాట వస్తుందని నీతోనూ అనలేదు. ఎడ్లు ముసలివయ్యాయని అమ్మేశానన్నాడు చూడు, అవి ముసలివి కావన్నా.

నువ్వు లోపలి మనిషివి. వేళ్లు తీయడానికి మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించి పంపు. ఎంతైనా సరే, ముందు తెలిస్తే బాపు వస్తాడు. జల్దీ చెయ్యి. నలుపు పైకి పాకుతోంది.

నీ చెల్లెలు,
సోని

ఖమ్మం

చెల్లీ సోనీ,

ఉత్తరం అందింది. అడగాల్సిన వాళ్లందరినీ అడిగాను. మా మేనేజరు నవ్వి, "మనోడి నాయనే గదా, ముందు తీస్కరా, డబ్బుల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు నేర్పించిన మాట అదే. ధర చెబితే మనిషి ఇంకోచోట కూడా అడిగి చూస్తాడట, చెప్పకపోతే నమ్మి వస్తాడట. ఊళ్లు తిరిగి పేషంట్లను తీసుకొచ్చే పని కదా నాది, ఎన్ని గడపల్లో ఆ మాట అన్నానో. మంచిమాటే అంటున్నాననుకున్నాను.

బిల్లింగులో ఉండే నాగరాజును చాటుగా అడిగాను. "నాకే తెల్వదన్నా. ఎవరు తీస్కొచ్చిండ్రు, సర్కారు వైద్యం కార్డు ఉందా లేదా చూసి పైనుంచి రేటు చెప్తరు, నేను బిల్లు కొడత" అన్నాడు. ఒకే ఆపరేషన్, పక్కపక్క మంచాల మీద రెండు ధరలు. అమ్మకు ఏ ధర వేశారో ఇప్పుడు అడిగే ధైర్యం నాకు లేదు.

బాపును ఇక్కడికి తేవద్దు. భద్రాచలం సర్కారు దవాఖానాకు తీసుకెళ్లు. అక్కడ ఆపరేషన్‌కు పైసా అడగరు. నేను రాలేను. సెలవు కావాలంటే కారణం చెప్పాలి, మా నాన్నను వేరే ఆసుపత్రిలో చూపిస్తున్నానని ఇక్కడ ఎలా చెప్పను? తిట్టుకో, పడతాను.

నీ అన్న,
కోటేష్

భద్రాచలం, దవాఖానా వరండా నుంచి

అన్నకు,

తిట్టుకోమన్నావు, తిట్టుకున్నాను. ఇక విను.

ఇంకా ఆలస్యం చేస్తే పాదమే తీయాల్సి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. బాపు అడిగాడు, "ఎంతైతది మేడం?" ఆమె "ఏం లేదు పెద్దాయనా" అంది. నర్సును అడిగాడు, వార్డుబాయ్‌ని అడిగాడు. అందరిదీ అదే జవాబు. బాపు దుప్పటి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు. నాకేమో ఆయన కుదుటపడ్డాడనిపించింది. తెల్లారి నేను చాయ్ తెచ్చేసరికి మంచం ఖాళీ.

బస్టాండులో దొరికాడు. కట్టుకట్టిన కాలు ఎదుటి సీటు మీద పెట్టుకుని మణుగూరు బస్సులో కూర్చున్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "నాటకాలా బాపూ?" అన్నాను. ఆయన మెల్లగా, "అక్కడ తర్వాత అన్నరు, ఇక్కడ ఏం లేదంటున్నరు. ఏం లేదన్నది ఇంకా పెద్దది బిడ్డా. ఈసారి అమ్మనీకి ఎడ్లు గూడ లేవు" అన్నాడు.

ఉచితమని ఎంత చెప్పినా ఆయన తలకెక్కదని అప్పుడర్థమైంది. బతిమాలి వెనక్కి తెచ్చి, పెద్ద నర్సమ్మను పక్కకు పిలిచి సంగతంతా చెప్పాను. ఆమె లోపలికి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఐదు వందలైతది పూల్‌సింగ్, ఉంటవా పోతవా?" అంది.

బాపు లేచి కూర్చున్నాడు. "రెండు వందలు."

"కుదరదు. నాలుగు వందలు."

"మందులతో కలిపేనా?"

"కలిపే."

"కట్లు మార్చెతందుకు మళ్ల వేరే అడుగుతరా?"

"అడగం. అన్నీ కలిపే."

మూడు వందలకు బేరం తెగింది. బాపు మొలకు కట్టుకున్న సంచి విప్పి నోట్లు ఆమె చేతిలో పెట్టాడు. కాలు చాపి పడుకుని, "ఇగ కొయ్యుండ్రి" అన్నాడు. ఆమె బయటికి వచ్చి ఆ నోట్లు నాకు తిరిగిచ్చేసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

రెండు వేళ్లు పోయాయి, పాదం దక్కింది. బాపు ఇప్పుడు హుషారుగా ఉన్నాడు. పక్క మంచాల వాళ్లను "నీకెంత చెప్పిండ్రు?" అని అడుగుతూ, వాళ్లు ఏం లేదంటే జాలిపడుతున్నాడు.

నిన్న మాత్రం ఉన్నట్టుండి, "కోటేష్ ఆ దవాఖానల చేసే పని ఏంది బిడ్డా?" అన్నాడు. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లను వెంటబెట్టుకుని లోపలికి తీసుకెళ్తాడని చెప్పాను. వెంటనే, "అయితే ధర ఎంతో ముందుగాల చెప్పేది మనోడేనా?" అన్నాడు.

బాపు ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. ఈసారి సెలవుకు ఏ కారణం చెప్తావో నీ ఇష్టం. వచ్చి ఆయనకు నువ్వే చెప్పు.

నీ చెల్లెలు,
సోని