మా కోడలికి దేవత పూనింది

సియోల్, మార్చి 9

అత్తయ్యగారికి యున్‌హే నమస్కారాలు.

రేవులో ఇంకా చలిగాలే వీస్తూ ఉంటుంది. మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని చదవండి. ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా "అన్నం తిన్నావా, సరే పెట్టేయ్" అంటారు. పెద్దవాళ్ల అక్షరాల బడిలో మీ టీచరు ఉత్తరాలు రాయిస్తోందని విని, ఇదే నయమనుకున్నాను.

సూటిగా చెప్పేస్తాను. ఉద్యోగం మానేశాను. ఫ్రిజ్‌ల కంపెనీలో పంతొమ్మిదేళ్లు చేసి, మేనేజరునై, మొన్న శుక్రవారం కుర్చీ ఖాళీ చేశాను. మీ అబ్బాయి పోయినప్పటి నుంచి నాకు అన్నం లోపలికి పోలేదు, కంటికి కునుకు లేదు. మీటింగులో కూర్చుంటే ఆయన చెప్పుల చప్పుడు వినపడేది. ఒక పెద్దావిడ దగ్గర ఆరు నెలలు వారం వారం కూర్చుని మాట్లాడాకే మనిషినయ్యాను. ఆవిడ పనే నేర్చుకున్నాను. దీన్ని లైఫ్ కోచింగ్ అంటారు. ఏం లేదత్తయ్యా, దారి తోచనివాళ్లు వస్తారు, నేను వింటాను, నాలుగు ప్రశ్నలు అడుగుతాను, దారి వాళ్లకే కనపడుతుంది.

నా ఉద్యోగమంటే ఆయనకు ఎంత గర్వమో నాకు తెలుసు. కంపెనీవాళ్లు జూన్ దాకా నా కుర్చీ ఉంచుతామన్నారు. మీరు వద్దంటే వెనక్కి వెళ్లిపోతాను. మీ మాటే ఆఖరు.

మీ కోడలు
యున్‌హే

తా.క.: లాండ్రీ కొట్టు పైన చిన్న గది తీసుకున్నాను. రెండు పసుపు దిండ్లు వేశాను, తలుపుకు గంట కట్టాను. స్నేహితులు ఎర్ర రిబ్బను కట్టిన వెదురు కుండీ పంపితే గుమ్మం ముందు పెట్టాను. చూడముచ్చటగా ఉంది.

~

పాంగోజిన్ రేవు, మార్చి 17

కోడలు పిల్లకు అత్త బోంగ్‌సున్ రాయించుకోకుండా స్వయంగా రాయునది. నేను క్షేమం. మోకాలు క్షేమం కాదు.

వాచకం అయిపోయిందని మా టీచరు నీ ఉత్తరం క్లాసులో గట్టిగా చదివించింది. పదకొండుమంది ముసలాళ్లం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తిండి సహించకపోవడం, చెవిలో చప్పుళ్లు, ఒక పెద్దావిడ దగ్గర కూర్చోగానే నయం కావడం, ఆవిడ విద్యే పట్టుకోవడం! పైగా గుమ్మంలో వెదురు, దానికో ఎర్ర గుడ్డ, ఓ గంట! ఓసి పిచ్చిమొహమా, దీనికి ఇంగ్లీషు పేరెందుకే? నీకు దేవత పూనింది. నువ్వు ముదాంగ్‌వి, దేవత పలికే మనిషివి అయిపోయావు. మా మేనత్తా ఇలాగే మూడు నెలలు పడకేసి, వాకిట్లో వెదురు పాతగానే లేచి కూర్చుంది. తొంభై ఏళ్లు బతికింది, ఊరందరికీ జోస్యం చెప్పింది.

దేవత పిలిస్తే కాదనకూడదు. మళ్లీ మంచాన పడతావు. కంపెనీ గింపెనీ అంటే ఊరుకోను.

మీ అత్త
తక్ బోంగ్‌సున్
(ఒత్తులు మా టీచరు దిద్దింది)

తా.క.: గది ప్రవేశానికి, దేవతకు నైవేద్యంగా పంది తల పంపుతున్నాను. కొట్లో ఉన్నవాటిలో నవ్వుమొహం దాన్నే ఏరాను. మూడుసార్లు సాగిలపడి మొక్కు.

~

సియోల్, మార్చి 26

అత్తయ్యా, నమస్కారం తర్వాత పెడతాను.

నాకు ఎవరూ పూనలేదు! నేను పరీక్ష రాసి పాసయ్యాను, పట్టా కూడా ఇచ్చారు. దయచేసి మీ క్లాసులో చెప్పండి.

మీ పంది తల సరిగ్గా ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చి ఏడుస్తున్నప్పుడు దిగింది. కొరియరు అబ్బాయి సంతకం కోసం పెట్టె మూత తీశాడు. ఆ తల బ్యాంకాయన్ని చూసి నవ్వింది. ఆయన కెవ్వుమన్నాడు, తర్వాత పగలబడి నవ్వాడు. ఏడాదిలో మొదటిసారి నవ్వానన్నాడు. మీ పద్ధతి అద్భుతమండీ, వచ్చేవారం మా బాసును తీసుకొస్తానన్నాడు. నేనేం చెప్పను?

కింద లాండ్రీ ఆయన ఆ పంది తలను చూసిన దగ్గర్నుంచి మెట్ల దగ్గరే టోపీ తీసేస్తున్నాడు. నిన్న, కూతురి పెళ్లికి ఏ నెల మంచిదని అడిగాడు. అమ్మాయినే అడగండి అన్నాను. ఎంత మాటన్నారు తల్లీ అని నడుము వంచి దండం పెట్టాడు.

మీ కోడలు (మామూలు మనిషి)
యున్‌హే

తా.క.: పంతొమ్మిదేళ్లు ఫ్రిజ్‌లు అమ్మాను. ఒక్కదాంట్లోనూ పంది తల పట్టే అర లేదని నిన్నే తెలిసింది.

~

పాంగోజిన్ రేవు, ఏప్రిల్ 4

దేవత చల్లగా చూసే మా కోడలికి అత్త దీవెనలు.

కొత్తలో అందరూ కాదనే అంటారు. మా మేనత్త కూడా "నాకేం పూనలేదు, నన్నొదలండర్రా" అని వారం రోజులు అరిచింది. నువ్వు అదే మాట రాసేసరికి క్లాసులో ఎవరికీ ఇంక అనుమానం లేదు.

పడవ నడిపే మాన్‌బొక్‌ను పంపుతున్నాను. పదకొండేళ్లుగా వాడికి తమ్ముడితో మాటల్లేవు, ఈ ఏడు వలలో చేపా లేదు. ఏ దయ్యం పట్టిందో చూడు. ఎండు చేపలు తెస్తాడు, మొహమాటపడకుండా తీసుకో.

మీ అత్త
తక్ బోంగ్‌సున్

తా.క.: ఈ రెండు ముక్కలూ టీచరు దిద్దాక, కవరు అంటించే ముందు రాస్తున్నాను. మా వాడు ఎప్పుడైనా నీ నోట మాట్లాడితే, వేళకు తింటున్నాడో లేదో అడుగు. ఇంకేం వద్దు.

~

సియోల్, ఏప్రిల్ 20

అత్తయ్యా,

మాన్‌బొక్ గారు వచ్చారు. గది నిండా ఎండు చేపల వాసన. దయ్యం ఎక్కడుందో చెప్పమన్నారు. నాకు తెలీదు బాబాయ్, అసలు మీకేం కావాలి అన్నాను. అలా ఎవరూ అడగలేదమ్మా అని ఎండు చేపల మూట విప్పి మళ్లీ కట్టారు. చివరికి, తమ్ముడితో కూర్చుని ఓ పూట అన్నం తినాలని ఉందన్నారు. మరి వెళ్లి తినండి అన్నాను. అంతే!

అది సరే. మీ తా.క. చదివి రెండు రోజులు నేను ఎవర్నీ కూర్చోబెట్టలేదు. అత్తయ్యా, ఆయన నా నోట మాట్లాడరు. ఎవరితోనైనా ఏ అబద్ధమైనా ఆడతానేమో, ఆ ఒక్క అబద్ధం మీతో ఆడలేను. నలభై తొమ్మిదో రోజు కర్మ తర్వాత మీరు ఆయన పేరు కూడా ఎత్తలేదు. మీరు ఏడవలేదు, నన్ను తిట్టనూ లేదు. నేను దేవతను కాదని తెలిస్తే ఈ పనిని మీరు ఒప్పుకోరేమో. అలాగైతే చెప్పండి, జూన్‌లో కంపెనీకి పోతాను. మీరు బాధపడుతుంటే నేను ఊళ్లోవాళ్ల బాధలేం వింటాను?

మీ
యున్‌హే

తా.క.: మాన్‌బొక్ గారు వెళ్తూ, దయ్యాలు రాకుండా గదికి నాలుగు మూలలా ఉప్పు చల్లారు. ఇంకా ఊడుస్తూనే ఉన్నాను.

~

పాంగోజిన్ రేవు, ఏప్రిల్ 29

యున్‌హే,

ఇది బళ్లో రాయలేదు, ఇంట్లో తలుపేసుకుని రాస్తున్నాను. దిద్దేవాళ్లు లేరు. తప్పులుంటే సర్దుకో.

నీకు పూనలేదని నాకు మొదటి ఉత్తరానికే తెలుసే. మా మేనత్తను చూసినదాన్ని, నాకు తెలీదా? కానీ నీ ఉత్తరం క్లాసులో చదవగానే వెనక బెంచీ నుంచి ఒకతె, "పాపం, మొగుడు పోయాడు, మతీ పోయింది, మేనేజరు కుర్చీ కాలదన్నుకుంది" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నా కోడల్ని అంటారా? దేవత పూనిందని అక్కడికక్కడే లేచి చెప్పాను. అందరి నోళ్లూ మూతపడ్డాయి. దేవత పిలిచినదాన్ని ఒక్క మాట అనే ధైర్యం ఈ రేవులో ఎవరికుంది? పంది తల ఖర్చు దండగైతే అయింది.

మాన్‌బొక్, తమ్ముడు కలిసి వీధి మధ్యలో అన్నం తిన్నారు. ఇక చూడు నా అవస్థ! సియోల్ దాకా రాలేనివాళ్లంతా "ముదాంగ్ అత్తగారు" అని నా మీద పడ్డారు. నేనేం చెప్తాను? నీ ఉత్తరంలో ఉన్న ప్రశ్నే అడుగుతున్నాను. అసలు నీకేం కావాలే అంటాను. ఏడుస్తారు, ముక్కు చీదుతారు, దారి దొరికిందంటూ పోతారు. నీకు ఆరు నెలలు పట్టింది, నాకు ఒక్క ఉత్తరం చాలింది.

మొన్న ఆ వెనక బెంచీ ఆవిడే వచ్చింది. తన గోడు వెళ్లబోసుకుని, పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "మరి నీకేం కావాలి బోంగ్‌సున్" అంది. అది పోయాక మధ్యాహ్నమంతా ఏడ్చాను. కూర మాడిపోయింది.

నువ్వు ఏ కంపెనీకీ పోవద్దు. ఇది నా ఆఖరు మాట. శనివారం పొద్దున ఆరున్నర బస్సెక్కుతున్నాను. అత్తగారినని వంటావార్పూ హడావిడి పెట్టుకోకు. నీ దగ్గరికి వచ్చే అందరిలాగే వస్తున్నాను. నువ్వేమీ అడగక్కర్లేదు. నాకు నా కొడుకు తేసొక్ గురించి మాట్లాడాలని ఉంది.

నీ అత్త
బోంగ్‌సున్

తా.క.: ఒక్కొక్కరికీ గంటసేపే ఇస్తావటగా, మాన్‌బొక్ చెప్పాడు. నాకు చాలదు. వాడు నలభై ఆరేళ్లు బతికాడు.