కాలిన వాసన

బంగారం లాంటి చెల్లెల్ని నాకు అంటగట్టి హాయిగా ఉన్న బావకి,

ఈ ఉత్తరం ఒక్కడివే ఉన్నప్పుడు చదువు. మధ్యలో వెటకారం కనిపిస్తే అది అలవాటు కొద్దీ రాసిందే, నవ్వకు.

మొన్న కొట్లో ఒక రేడియోకి తెగిన తీగ అతుకుతున్నాను. సోల్డరింగ్ ఐరన్ బాగా వేడెక్కింది. నువ్వు నేర్పినట్టే దాని మొన, అదే బిట్‌ని, తడి స్పాంజి మీద తుడిచి, మెరుపొచ్చేలా కాస్త అతుకు లెడ్ పట్టించాను. అంతలో ఏదో కాలిన వాసన. రేడియోలో ఏదో మాడిందనుకుని ముక్కు పెట్టి మరీ చూశాను. రేడియో నిక్షేపంగా ఉంది. కాలుతున్నది నేను బావా! కుడిచేతి చిటికెన వేలు ఐరన్ గొట్టానికి ఆనుకుని ఉంది. చర్మం తెల్లగా ఉబ్బిపోయింది. నాకు మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు.

పక్క కొట్టు టైలరు చూసి, "ఏంటయ్యా, వేలు వేపుకుంటున్నావా?" అన్నాడు.

"నువ్వు కుట్టిన చొక్కా తొడుక్కోవడం కంటే ఇదే సుఖం" అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. నేను బల్ల కింద ఆ వేలికి గుడ్డ చుట్టేశాను.

ఇంటికెళ్తే నీ చెల్లెలు, "ఆ వేలికి గుడ్డేంటి?" అంది.

"నిన్ను చూసి సిగ్గుపడి ముసుగేసుకుంది."

"మీ వంశంలో సిగ్గెవరికుంది గనక!" అని లోపలికెళ్ళిపోయింది. గండం గడిచింది.

అప్పట్నుంచీ తలుపేసుకుని వేళ్ళని సూదితో పొడుచుకుంటున్నాను. చిటికెన వేలు పలకదు. ఉంగరం వేలు సగం మొద్దు. మధ్య వేలు మాత్రం చురుక్కుమంటుంది. ఆ నొప్పికే ప్రాణం లేచొస్తోంది. ఈ మొద్దుతనం పైకి పాకితే? వేడి తెలియని చేతికి ఐరన్ ఎలా ఇవ్వను? ఇంకో పని రాదు నాకు. నా చదువు నీకు తెలుసుగా, బడి గోడ దూకడం దాకానే. పక్షవాతమో, పేరు రాయడానికి కూడా భయమేసే రోగమో. డాక్టరు దగ్గరికెళ్తే పేరు పెట్టేస్తారు. పెట్టనంతవరకూ అది నాది కాదనిపిస్తోంది.

కొట్టు మూసేద్దామనుకుంటున్నాను. విసుగొచ్చి మూశానని అందరికీ చెప్తాను. నీ చెల్లెలికి మాత్రం చెప్పకు. నా మీద ఒట్టు.

ఇట్లు,
నీ చెల్లెలి ప్రారబ్ధం

*

నమ్మకద్రోహి బావకి,

చెప్పొద్దంటే మైకు పెట్టి మరీ చెప్పావు. నీ చెల్లెలు తిన్నగా కొట్లోకొచ్చి ఐరన్ ప్లగ్గు పీకేసింది. "పదండి" అంది.

"ఎక్కడికి?"

"మీరు నోరు మూసుకుని కూర్చోవాల్సిన చోటికి."

ఆస్పత్రికి దారి పొడుగునా దాని కొంగు పట్టుకునే నడిచాను. డాక్టరమ్మ నా మోచెయ్యి లోపలివైపు వేలితో తట్టింది. చిటికెన వేలిదాకా జిల్లుమని పాకింది, కెవ్వున అరిచాను.

"పని చేసేటప్పుడు ఈ మోచెయ్యి ఎక్కడ ఆనిస్తారు?" అంది.

ఎక్కడేమిటి, బల్ల అంచు మీద. చెయ్యి కదలకుండా ఉండాలంటే అంచుకి గట్టిగా అదిమి పెట్టాలని నేర్పిన గురువువి నువ్వే కదా! ఇన్నేళ్ళూ అక్కడ నరం నలిగిపోయిందట. ఇకమీదట అంచుకి ఆనించకూడదట. వేళ్ళు మళ్ళీ పూర్తిగా పలుకుతాయో లేదో ఇప్పుడే చెప్పలేనంది. పాకే రోగం కాదంది, అదే చాలు.

వీధిలోకొచ్చాక నేను ఈల వేశాను. నీ చెల్లెలు మాత్రం ఉన్నచోటే ఆగిపోయింది. "అన్నయ్య కూడా అలాగే కూర్చుంటాడు కదండీ" అంది. తర్వాత మెల్లగా, "మొన్నొచ్చినప్పుడు చొక్కా గుండీలు వదిన చేత పెట్టించుకున్నాడు" అంది.

నా ఈల ఆగిపోయింది. ఆ రోజు నిన్ను కొత్త పెళ్ళికొడుకని ఎంత ఏడిపించాను! నువ్వూ నాతో కలిసి నవ్వావు. మరి ఆ రోజంతా కుడిచెయ్యి ఎందుకు జేబులోనే దాచుకున్నావు బావా?

జవాబు రాయకు. రాస్తే వెటకారమే రాస్తావు, నాకు తెలీదా? మీ ఆవిడకి, అదే మా అక్కయ్యకి, నీ చెల్లెలు అప్పుడే వేరే ఉత్తరం వేసేసింది. ఆదివారం ఇద్దరం వస్తున్నాం. అందాకా ఐరన్ ముట్టుకోకు. చొక్కా మాత్రం తొడుక్కుని, గుండీలు పెట్టుకోకుండా గుమ్మంలో నిలబడు. అక్కయ్యని పిలవకు. నా కళ్ళ ముందు, నీ చేత్తో, ఒక్క గుండీ పెట్టి చూపించు.

ఇట్లు,
నీకోసం భయపడుతున్న
నీ శిష్యుడు